స్థలవేగ పరిశీలనము: ఉత్తరాంధ్ర రహదారులు

రహదారిమీద ఏదో ఒక చోటును ఎన్నుకొని, ఆ చోటును దాటుచున్న వాహనము సరిగా ఆ క్షణమున ఎంత వేగముతో పోవుచున్నదో కొలిచి, అట్లు కొలిచిన పెక్కు వేగములను పట్టికగా కూర్చి, వానినుండి అచ్చటి రాకపోకల స్వభావమును నిర్ణయించు పనికి స్థలవేగ పరిశీలనమని పేరు. ఇంజనీర్లు దీనిని వాడుకలో స్పాట్ స్పీడ్ స్టడీ అందురు. ఇచ్ఛాపురమున బయలుదేరిన బస్సు శ్రీకాకుళము చేరుటకు ఎంతసేపు పట్టినదన్నది ప్రయాణవేగమునకు సంబంధించిన ప్రశ్న. అదే బస్సు మడపాం వద్ద వంశధార వంతెనను సమీపించుచున్నపుడు ఎంత వేగముతో నున్నదన్నది స్థలవేగమునకు సంబంధించిన ప్రశ్న. మొదటిదానిలో టెక్కలి బస్టాండులో డ్రైవరు టీ తాగిన కాలము కూడ చేరియుండును. రెండవదానికి ఆ సంబంధము లేదు.

ఈ కొలత పెక్కు పనులకు ఆధారము. వేగపరిమితిని నిర్ణయించుటకును, మలుపునకు ఎంత ముందుగా హెచ్చరిక పలకను పాతవలెనో తేల్చుటకును, కూడలిలో పసుపు దీపము ఎన్ని సెకండ్లు వెలుగవలెనో లెక్కించుటకును, ఒక ఊరి ముందు అడ్డుగట్లు వేసిన పిమ్మట వేగము నిజముగా తగ్గినదా లేదా అని సరిచూచుటకును ఇదియే మూలము. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ తన రూపకల్పన నియమములలో, ప్రమాదమును చూచిన డ్రైవరు బ్రేకు తొక్కుటకు 2.5 సెకండ్లు పట్టునని లెక్కించినది. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో వచ్చు వాహనము ఆ రెండున్నర సెకండ్లలోనే 55 మీటర్లకు పైగా ముందుకు పోవును. అది పూర్తిగా నిలుచునప్పటికి కావలసిన చూపుమేర 120 మీటర్లు. వేగము 100 అయినచో ఆ చూపుమేర 180 మీటర్లకు పెరుగును. కావున అచ్చట వాహనములు వాస్తవముగా ఏ వేగముతో వచ్చుచున్నవో తెలియక, కాగితముమీది పరిమితినే నమ్మి పాతిన పలక ఎవరికిని అక్కరకు రాదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఈ విద్యకు అవసరము మెండు, ఆటంకములును మెండు. పూర్వము మద్రాసు–కలకత్తా ట్రంకురోడ్డుగా ప్రసిద్ధమై, పిదప 5వ నెంబరు జాతీయ రహదారియై, 2010లో జరిగిన సంఖ్యల మార్పుతో 16వ నెంబరును పొందిన దారి ఇచ్ఛాపురము వద్ద ఆంధ్రప్రదేశమున ప్రవేశించి, పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, ఎచ్చెర్ల, రణస్థలం, పూసపాటిరేగ, భోగాపురం ప్రాంతములను తాకుచు విశాఖపట్నము వైపు సాగును. పాత 43, నేటి 26వ నెంబరు రహదారి నాతవలస వద్ద దీనినుండి చీలి, విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు చేరి, అచ్చటినుండి కనుమ ఎక్కి ఒడిశాలోని కోరాపుట్ దిశగా పోవును. చిలకపాలెం నుండి రాజాం మీదుగా రామభద్రపురమునకు మరియొక దారి కలదు. చెన్నపట్టణము నుండి కలకత్తాకు పోవు కంటెయినరు లారీయు, పైడిభీమవరం కర్మాగారములకు పనివారిని చేరవేయు బస్సును, పలాస జీడిపప్పు బస్తాల వ్యానును, ప్రతి ఊరి మొగదలను ఆగుచు పోవు పల్లెవెలుగు బస్సును, మోయవలసినవారికంటె ఎక్కువమందిని మోయుచున్న ఆటోయు, హేండిలుకు రెండు ప్రక్కల పాలక్యానులు తగిలించిన మోటారుసైకిలును, వెనుక గడ్డిమోపు కట్టిన సైకిలును ఒకే తారుమీద, పెక్కుసారులు ఒకే వరుసలో, నడచు ప్రాంతమిది. ఈ శాస్త్రమును రచించిన పాశ్చాత్యుల మనస్సులో నున్న రహదారి వేరు. అది కార్లును లారీలును తప్ప మరియొకటి ఎరుగని రహదారి. అందుచేత పుస్తకములోని పద్ధతిని ఇచ్చటికి తెచ్చునపుడు, యంత్రము ఎన్నికలోనే కాక, చోటు ఎన్నికలోను లెక్క విభజనలోను ఏమరుపాటు పనికిరాదు.

చోటు ఎన్నికను గూర్చి చెప్పవలసినది ఎక్కువ కలదు. సాధారణ వేగము తెలియవలెనన్నచో దారి తిన్నగా, సమతలముగా ఉండి, కూడలులకును, మధ్యగట్టులో విడిచిన సందులకును, బస్సు ఆగు చోట్లకును దూరముగా ఉండవలెను. మడపాం, నాతవలస టోల్‌గేట్ల సమీపమున కొలిచిన వేగము టోలుగేటు వేగమే కాని రహదారి వేగము కాదు. గేటు దాటిన లారీ తన సహజవేగమును తిరిగి అందుకొనుటకు చాల దూరము పరుగెత్తవలసి యుండును. అట్లుగాక ప్రమాదములు జరుగుచున్న చోటి సంగతి తెలియవలెనన్నచో ఆ కూడలియందే, ఆ సందునందే కొలువవలెను; ఆ ఫలితమును మాత్రము దారి మొత్తమునకు అన్వయింపరాదు. కోతల కాలమున మరియొక చిక్కు. విజయనగరం జిల్లాలో మొక్కజొన్న గింజలను, వరిధాన్యమును రోడ్డు అంచునను సర్వీసు రోడ్డుమీదను ఆరబోయు అలవాటు కలదు. గింజను బండ్లు తొక్కకుండుటకై అడ్డముగా రాళ్లు పేర్చుదురు. అపుడు వాహనములన్నియు లోపలి వరుసకు ఒత్తిగిలును, వేగము పడిపోవును. ఆ వారమున తీసిన పట్టికను సంవత్సరమంతటికి సాక్ష్యముగా చూపినచో అది పంట లెక్కయే యగును.

రోజు ఎన్నిక కూడ అట్టిదే. విజయదశమి తరువాతి మంగళవారమున విజయనగరమున పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను తిరుగును. రథసప్తమినాడు అరసవల్లి సూర్యదేవాలయమునకు జనము విరగబడును. సంక్రాంతికి హైదరాబాదు, విజయవాడలకు వలసపోయిన కుటుంబములు కార్లలోను బస్సులలోను తిరిగివచ్చును. ఈ దినములలో వేగము కొలుచుట నిషిద్ధము కాదు, కాని కొలిచినది పండుగ వేగమని పట్టిక నెత్తిన వ్రాయవలెను. సాధారణ పరిశీలనమునకు వారము నడిమి దినములు, వాన లేనివేళ, వాహనములు ఒకదానినొకటి అడ్డగింపని పలుచని సమయము శ్రేష్ఠములు.

కొలుచు పద్ధతులలో మిక్కిలి ప్రాచీనమును, నేటికిని సివిల్ ఇంజనీరింగు విద్యార్థులు మొదట నేర్చునదియునగు పద్ధతి, రోడ్డుమీద సున్నముతో రెండు గీతలు గీసి, వాని నడిమి దూరమును వాహనము దాటుటకు పట్టిన కాలమును స్టాప్‌వాచితో చూచుట. ఈ దూరము ఎంత ఉండవలెనన్నదానికి మన పాఠ్యగ్రంథములు ఒక పట్టికను ఇచ్చును: సగటు వేగము 40 కిలోమీటర్లకు తక్కువైనచో 27 మీటర్లు, 40 నుండి 65 వరకు 54 మీటర్లు, ఆపైన 81 మీటర్లు. ఈ విచిత్రమైన అంకెలు ఎక్కడినుండి వచ్చినవని చదువరికి సందేహము కలుగుట సహజము. గంటకు 60 మైళ్ల వేగము సెకండుకు సరిగా 88 అడుగులు. 88 అడుగుల దూరమును పెట్టుకొన్నచో, 60ని సెకండ్లతో భాగించినంతనే మైళ్లలో వేగము తేలును. ఆ 88 అడుగులే సుమారు 27 మీటర్లు, దాని రెట్టింపు 54, మూడురెట్లు 81. మైలును విడిచి పెట్టి దశాబ్దములు గడచినను మైలు సౌకర్యమునకై పుట్టిన దూరములు మాత్రము మీటర్ల వేషమున మన రోడ్లమీద నిలిచినవి. నేటి విద్యార్థి 27 మీటర్ల గీతలమధ్య వేగము తెలియుటకు 97.2ను సెకండ్లతో భాగించవలెను. సులువు కొరకు పుట్టిన అంకె ఇప్పుడు సులువును పోగొట్టుకొన్నది.

గీతల దూరము పెరిగినకొలది ఏల మేలో ఒక ఉదాహరణ చెప్పును. గంటకు 80 కిలోమీటర్లతో వచ్చు కారు 27 మీటర్లను 1.215 సెకండ్లలో దాటును. స్టాప్‌వాచి నొక్కుటలో రెండు దశాంశముల, అనగా సెకండులో అయిదవవంతు, తొట్రుపాటు జరిగి కాలము 1.015గా నమోదైనచో వేగము 95.8గా కనబడును, నిర్దోషియైన డ్రైవరు దోషి యగును. అదే తొట్రుపాటు 81 మీటర్ల దూరమున జరిగినచో వేగము 84.6 మాత్రమే యగును. దీనికి తోడు, చూచువాడు దూరపు గీతను వాలుచూపుతో చూచినచో వాహనము గీతను తాకకముందే తాకినట్లు భ్రమించును. ఈ దోషమును తొలగించుటకై ఎనోస్కోపు అను సాధనమును కల్పించిరి. అది రెండు కొనలును తెరిచియుండి, లంబకోణముగా వంగిన చిన్న పెట్టె; వంపునందు 45 డిగ్రీల వాలున అద్దము బిగించియుండును. దానిని మొదటి గీత ప్రక్కన ముక్కాలిపీటపై నిలిపి, పరిశీలకుడు రెండవ గీత వద్ద నిలుచును. వాహనము మొదటి గీతను దాటునపుడు అద్దమునందు దాని నీడ తళుక్కుమనును, గడియారము నొక్కును; తన ముందునుండి పోవునపుడు ఆపును. రాత్రివేళ రోడ్డుకు ఆవలి ప్రక్కన ఒక దీపమునుంచినచో అది మరుగుపడుటయే గుర్తు. పలుచని రాకపోకలలో ఈ పెట్టె ముచ్చటగా పనిచేయును. నరసన్నపేట కూడలివంటి చోట మాత్రము అద్దమున తళుక్కుమన్నది బస్సో, దాని చాటున వచ్చిన ఆటోయో తెలియక పరిశీలకుడు తెల్లమొగము వేయవలసి వచ్చును.

మనుష్యుని చేతిని నమ్మజాలక యంత్రములు వచ్చినవి. రోడ్డుకు అడ్డముగా కొలది దూరమున రెండు రబ్బరు గొట్టములను పరచినచో, చక్రము తొక్కినపుడు గొట్టములోని గాలి ఒత్తిడి కొనకు చేరి మీటను నొక్కును. రెండు ఒత్తిళ్ల నడిమి కాలమునుండి వేగము తేలును. తారులో కోసిన గాడియందు తీగచుట్టలను పూడ్చి విద్యుత్తును ప్రసరింపజేసినచో, పైనుండి ఇనుము పోవునపుడు చుట్టయొక్క ప్రేరకత్వము తగ్గును. ఇట్టివి రెండు వరుసగా ఉన్నచో వేగము లెక్కకు వచ్చును. ఈ రెండును వరుస తప్పని వాహనములకై పుట్టినవి. రెండు వరుసల నడిమి గీతమీదనే ప్రయాణము చేయు మోటారుసైకిలు ఏ చుట్టకు చెందవలెనో చుట్టకే తెలియదు. జంటగా పోవు రెండు సైకిళ్ల చక్రములను గొట్టము ఒకే బండి ఇరుసులుగా ఎంచును.

డాప్లర్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1842లో ప్రతిపాదించిన సూత్రము, అనగా కదలుచున్న వస్తువునుండి వచ్చు తరంగముల పౌనఃపున్యము మారునన్న సూత్రము, నూరేండ్ల తరువాత రహదారికి దిగినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన వెంటనే, 1947 ప్రాంతమున, అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున గ్లాస్టన్‌బరీ వద్ద పోలీసులు రాడారుతో వేగము కొలుచుట మొదలిడిరి. పోలీసువారు చేతబట్టు స్పీడుగన్ను 24.15 గిగాహెర్ట్జుల తరంగమును వాడునదైనచో, వాహనము వేగము గంటకు ఒక్కొక్క కిలోమీటరు పెరిగినపుడు ప్రతిఫలించిన తరంగము సుమారు 45 హెర్ట్జులు మారును. ఆ తేడాయే తెరమీద అంకెగా కనబడును. లేజరు గన్ను పద్ధతి వేరు. అది అతిస్వల్పమైన కాంతి స్పందనములను వరుసగా పంపి, అవి తిరిగివచ్చు కాలమునుండి దూరమును, దూరము తగ్గుచున్న తీరునుండి వేగమును గ్రహించును. 300 మీటర్ల దూరమునకు పోయి వచ్చుటకు కాంతికి పట్టునది సెకండులో పదిలక్షల భాగములలో రెండు భాగములే. రాడారు కిరణము విశాలమై గుంపులో ఏ వాహనము వేగమో తేల్చుట కష్టము కాగా, లేజరు కిరణము సన్ననిదై ఒక్క వాహనమునే ఎన్నుకొనగలదు. కావున మిశ్రమమైన మన రాకపోకలకు ఇదియే తగినది.

ఈ సాధనములకును ఒక పరిమితి కలదు. కిరణము వాహనమార్గమునకు వాలుగా తగిలినచో, కనబడు వేగము నిజవేగమునకు ఆ కోణపు కొసైనుతో గుణించినంత యగును. 20 డిగ్రీల వాలున 80 కిలోమీటర్ల వేగము 75గా కనబడును. ఈ తప్పు నిలిచియున్న యంత్రము విషయమున ఎప్పుడును డ్రైవరుకే అనుకూలము. కాని పరిశోధకునకు ఎవరి అనుకూలమును అక్కరలేదు. ప్రపంచమంతట వేగమును పట్టు కెమెరాలకు మారుపేరైన గాట్సో యంత్రమును కల్పించిన మారిస్ గాట్సోనిడెస్ పోలీసు కాదు, 1953లో మోంటీకార్లో ర్యాలీ గెలిచిన డచ్చి కారుపందెగాడు. మలుపులలో తన వేగమును పెంచుకొనుటకై చేసికొన్న సాధనము తోటి డ్రైవర్ల వేగమును తగ్గించుటకు పోవుట చమత్కారము.

కొలిచిన పిమ్మట పట్టిక. వేగములను ఆరోహణక్రమమున పేర్చినపుడు నూటికి 85 వాహనములు ఏ వేగమునకు లోబడి పోవుచున్నవో దానిని 85వ శతాంశ వేగమందురు. వేగపరిమితి నిర్ణయమునకు వాడుకగా తీసికొనునది ఇదియే. 98వ శతాంశమును రహదారి రూపకల్పనకును, 15వ శతాంశమును కనీసవేగ నిర్ణయమునకును వాడుదురు. ఎన్ని వాహనములను కొలువవలెనన్నది వేగముల చెదురుపై ఆధారపడును. ప్రామాణిక విచలనము 8 కిలోమీటర్లై, సగటులో 2 కిలోమీటర్లకు మించిన తప్పు రాకూడదని నూటికి 95 పాళ్లు నమ్మకము కోరినచో 62 వాహనములు చాలును. అదే విచలనము 15 అయినచో 217 కావలెను. పుస్తకమునందలి నూరు వాహనముల లెక్క మన హైవేమీద చాలదనుటకు ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు.

ఇంకను ముఖ్యమైనది పట్టికయొక్క ఆకారము. ఒకే జాతి వాహనములైనచో వేగముల వక్రము నడుమ ఉబ్బి ఇరుప్రక్కల సమముగా వాలును. ఆటోలును కార్లును కలిసినచోట రెండు మూపురములు లేచును. సగటు ఆ రెంటి నడిమి పల్లమున పడును, ఆ వేగముతో పోవు వాహనము ఒక్కటియు ఉండకపోవచ్చును. దే, సతీష్ చంద్ర, గంగోపాధ్యాయ అను భారతీయ పరిశోధకులు 2006లో దీనికి ఒక గీటురాయిని ఇచ్చిరి. 85వ శతాంశమునకును 50వ శతాంశమునకును గల తేడాను, 50వ శతాంశమునకును 15వ శతాంశమునకును గల తేడాతో భాగించినపుడు వచ్చు నిష్పత్తి 0.69కును 1.35కును నడుమ ఉన్నచో వక్రమునకు మూపురము ఒక్కటియే యని వారి నిర్ణయము. ఊహకు, ఆ మూడు వేగములు 32, 44, 62గా ఉన్నవనుకొందము. నిష్పత్తి 18ని 12తో భాగించగా 1.5. అపుడు అన్నిటిని ఒక్క రాశిగా పోసి సగటు తీయుట వ్యర్థము. లారీలు, బస్సులు, కార్లు, ఆటోలు, ద్విచక్రములు అని విడదీసి వేరువేరు పట్టికలు వ్రాయవలెను. పల్లెలనుండి దారులు హైవేను కలియు ప్రతి కూడలిలోను ప్రమాదకరమైనది అతివేగ మొక్కటే కాదు. 30తో పోవు బండికిని 90తో పోవు బండికిని నడిమి అంతరము కూడ. ఆ అంతరమును చూపని పట్టిక ఎంత శుద్ధముగా వ్రాసినను సగము పనియే.

స్థలవేగపు సగటులో మరియొక మెలిక కలదు. ఒక చోట నిలిచి కొలిచినపుడు గంటకు ఒక ఆటో 30తోను, ఒక కారు 90తోను దాటుచున్నదనుకొందము. రెంటి సగటు 60. కాని ఆ దారిని ఏదో ఒక క్షణమున ఆకాశమునుండి ఫొటో తీసినచో, ఆటో దారిమీద మూడురెట్లు ఎక్కువసేపు ఉండును గనుక, ప్రతి కారునకు మూడు ఆటోలు కనబడును. వాని సగటు వేగము 45. మొదటిదానిని కాలమధ్యమ వేగమనియు, రెండవదానిని దేశమధ్యమ వేగమనియు అందురు. ఈ రెంటి సంబంధమును 1952లో వార్డ్రోప్ అను ఆంగ్లేయుడు నిరూపించెను: దారిమీది వేగముల విస్తృతిని, అనగా ప్రామాణిక విచలనపు వర్గమును, దేశమధ్యమముతో భాగించి, ఆ దేశమధ్యమమునకే కలిపినచో కాలమధ్యమము వచ్చును. ఇచ్చట విస్తృతి 675. 45తో భాగించగా 15. 45కు కలుపగా 60. ఒక చోట కొలుచువాడు ఎప్పుడును వేగవంతులకు ఎక్కువ ఓటు వేయుచున్నాడన్నమాట. రాకపోకల సాంద్రతను లెక్కించుటకు కాలమధ్యమమును వాడుట తరచుగా జరుగు పొరపాటు.

చట్టమున ఈ కొలతకు విశిష్ట స్థానము కలదు. 1988 మోటారువాహనముల చట్టము 112వ సెక్షను వేగపరిమితులను, 183వ సెక్షను శిక్షను చెప్పును. ఒక్క సాక్షి కంటి అంచనాను మాత్రమే నమ్మి ఎవరిని దోషిగా నిర్ణయింపరాదనియు, ఆ అంచనాకు యంత్రసాధనము ఆధారముగా నుండవలెననియు అందే కలదు. కేంద్రప్రభుత్వము 2018 ఏప్రిల్‌లో ప్రకటించిన గరిష్ఠ పరిమితుల ప్రకారము మధ్యగట్టు గల నాలుగు వరుసల రోడ్డుమీద కారునకు 100, బస్సునకు 90, లారీకి 80, మోటారుసైకిలుకు 80, ఆటోకు 50. రాష్ట్రప్రభుత్వములు ఇంతకు తగ్గించి విధింపవచ్చును. 2019 సవరణ ఎలక్ట్రానిక్ పర్యవేక్షణకు 136ఎ సెక్షనును చేర్చెను. 2021 ఆగస్టు నియమములు అట్టి యంత్రమునకు ధ్రువపత్రము ఉండవలెననియు, దానిని ఏటేట పునరుద్ధరింపవలెననియు, కెమెరా కలదని ముందుగా పలక పెట్టవలెననియు, నేరము జరిగిన 15 దినములలో నోటీసు పంపవలెననియు విధించెను. సంతలో తక్కెడను తనిఖీ చేసి ముద్రవేసినట్లు రాడారునకును ముద్ర కావలెనన్న ఆలోచన ఇది.

అట్లని దండనకై కొలుచుటయు, పరిశోధనకై కొలుచుటయు ఒక్కటి కాదు. దండనయందు యంత్రము కనబడిననే మేలు. పరిశోధనయందు కనబడినచో పట్టిక చెడిపోవును. రోడ్డు ప్రక్కన ఖాకీ టోపీయో, ముక్కాలిపీటయో కంటబడినంతనే బ్రేకు తొక్కి, ఎదురు వచ్చు లారీవానికి హెడ్‌లైటు ఆర్చి వెలిగించి సంజ్ఞ చేయుట మన డ్రైవర్లలో ఉన్న పరస్పర సహాయగుణము. ఇంగ్లండులో 1905లో ఆటోమొబైల్ అసోసియేషన్ పుట్టినది కూడ పొదలచాటున గడియారములతో పొంచియున్న పోలీసులను గూర్చి కారువారికి హెచ్చరించుటకే.

కెమెరా ముందు తగ్గి, దాటినంతనే తిరిగి పుంజుకొను ఈ గంతువేగమునకు విరుగుడుగా పెక్కు దేశములలో రెండు చోట్ల నెంబరు పలకలను ఫొటో తీసి, నడిమి దూరమును కాలముతో భాగించి సగటు వేగమును పట్టుచున్నారు. సాలూరు దాటి సుంకి కనుమ ఎక్కు దారివంటి చోట ఈ పద్ధతి స్థలవేగమునకంటె మేలు. లారీలకు పేరెన్నికగన్న సాలూరు నుండి బరువెత్తుకొని పోవు బండి ఎగుడున మొదటి గేరులో ప్రాకును. దిగుడున బరువే దానిని త్రోయును. ఎగుడు వేగమును దిగుడు వేగమును, బరువుబండిని ఖాళీబండిని, ప్రతి మలుపు ముందును వెనుకను విడివిడిగా కొలువక, కనుమ నడిమి ఒక్క చోట స్టాప్‌వాచితో నిలిచి తీసిన అంకె ఆ మలుపునకు తప్ప మరి దేనికిని చెల్లదు.